ముల్లు ఏ వైపు అబద్ధం చెబుతుంది?



ఈ వారం నన్ను మాట్లాడమన్నప్పుడు "మీరు కంప్యూటర్ల మనిషి కదా, ఏదైనా సాఫ్ట్‌వేరు సంగతి చెప్పండి" అన్నారు. సాఫ్ట్‌వేరు గురించి మీ ఇళ్ళల్లో రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఆదివారం కూడా అదే ఎందుకని నేను వేరే విషయం ఎంచుకున్నాను. పాతకాలపు మోటారు కార్లలో స్టీరింగు వెనకాల ఉండే మీటర్లు, వాటి వైరింగులో వచ్చే తేడాలు, ఆ తేడాల వల్ల ముల్లు చెప్పే అబద్ధాలు. ఇదీ ఇవాళ్టి కబురు. కార్లంటే ఆసక్తి లేనివాళ్ళు రేడియో కట్టేయకండి. చివరికి ఇది మనందరి సంగతీ అవుతుంది.

నేను పనిచేసేది రాఫెల్స్ ప్లేస్‌లో. చుట్టూ బ్యాంకులు, మధ్యలో పచ్చగడ్డి, ఎం.ఆర్.టి. మెట్లు, మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే భోజనానికి బయల్దేరే జనం. ఇవాళ ఆ చౌరస్తాలో నిలబడితే ఒక్క కారు కూడా కనపడదు. ఒకప్పుడు అలా కాదు. దాని మొదటి పేరు కమర్షియల్ స్క్వేర్. 1858లో రాఫెల్స్ ప్లేస్ అని మార్చారు. 1950ల నాటి ఫోటోలు చూస్తే రాబిన్సన్స్, జాన్ లిటిల్ లాంటి పెద్ద దుకాణాల ముందు ఆస్టిన్లు, మారిస్‌లు వరసగా నిలబడి ఉంటాయి. 1965లో ఆ కార్లన్నిటినీ భూమి కిందికి పంపి పైన తోట వేశారు. 1980లలో ఆ భూగర్భ కార్ పార్కూ పోయింది. 1987 డిసెంబరులో రైల్వే స్టేషను తెరిచారు. మనం రోజూ రైలెక్కే చోటు ఒకప్పుడు కార్లు నిద్రపోయిన చోటన్నమాట.

ఆ మారిస్‌లకీ మనకీ చుట్టరికం ఉంది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే బండినే హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్ పేరుతో తయారుచేశారు. 1950ల చివర మొదలై 2014లో ఆగిపోయింది. మనలో చాలామందికి పెళ్ళి కారూ, ఆస్పత్రి కారూ, తిరపతి కారూ అదే. కాబట్టి ఇంగ్లీషువాడి కారు జబ్బులన్నీ మన ఇంటి జబ్బులే.

సరే, అసలు సంగతికి వద్దాం.

సింగపూర్‌కి మొదటి మోటారు కారు 1896లో వచ్చింది. కాట్జ్ బ్రదర్స్ అనే వర్తక సంస్థ తెప్పించిన బెంజ్ బండి అది. అప్పటి కార్లలో కరెంటు పని దాదాపు ఒక్కటే, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించడం. దీపాలు నూనెవో, కార్బైడు గ్యాసువో ఉండేవి. బండిని చేత్తో తిప్పి స్టార్టు చేసేవాళ్ళు. మీటర్లు లేవు. అసలు డాష్‌బోర్డు అనే మాటే గుర్రబ్బండిది. గుర్రం కాళ్ళు చిమ్మే బురద బండివాడి మీద పడకుండా ముందు అడ్డంగా పెట్టే చెక్కకి ఆ పేరు. తరవాత మోటారుకీ అదే పేరు నిలిచింది, ఆ చెక్క మీదే మీటర్లు వచ్చాయి.

మరి ట్యాంకులో పెట్రోలు ఎంతుందో ఎలా తెలుస్తుంది? పుల్ల ముంచి చూడటమే. ఫోర్డ్ వారి మోడల్ టి కారు 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైంది. దాని ట్యాంకు ముందు సీటు కింద ఉండేది. సీటు ఎత్తి, మూత తీసి, గీతలు గీసిన చెక్కపుల్ల ముంచి తడి ఎంతవరకూ అంటిందో చూసేవాళ్ళు. పుల్లకి వైరు లేదు, బ్యాటరీ లేదు. అందుకని అబద్ధం చెప్పే అవకాశం కూడా లేదు.

1912లో కాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ కనిపెట్టిన ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టారు. ఇక చేత్తో తిప్పక్కర్లేదు. మీట నొక్కితే చాలు. కానీ స్టార్టరుకి పెద్ద బ్యాటరీ కావాలి. బ్యాటరీని నింపడానికి డైనమో కావాలి. డైనమో నింపుతోందో లేదో తెలియడానికి ఒక మీటరు కావాలి. అదే అమ్మీటరు. ముల్లు కుడికి తిరిగితే బ్యాటరీలోకి కరెంటు వెళ్తోందని, ఎడమకి తిరిగితే ఖర్చవుతోందని అర్థం. మన ఇళ్ళల్లో జమాఖర్చుల పుస్తకం లాంటిది.

ఈ అమ్మీటరులోనే మొదటి ప్రమాదం దాక్కుని ఉంది. లెక్క సరిగ్గా తేలాలంటే స్టార్టరు లాగే కరెంటు తప్ప తక్కిందంతా ఆ మీటరు గుండానే పోవాలి. అంటే లావుపాటి వైరు బ్యాటరీ నుంచి బయల్దేరి మన మోకాళ్ళ ముందున్న ఇనప రేకు దాకా వచ్చి, మీటరులో దూరి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. 1927లో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఎ కారులో ఆ దారిలో ఫ్యూజు కూడా లేదు. పైగా పెట్రోలు ట్యాంకు ఆ మీటర్ల పలక వెనకాలే. ఆ కాలపు వైరు మీద రబ్బరు తొడుగు, దాని మీద నూలు అల్లిక ఉండేవి. ఏళ్ళు గడిచి వేడికి రబ్బరు పెళుసెక్కి రాలిపోతుంది. నూలుని ఎలకలు కొరుకుతాయి. మీటరు వెనక బోల్టు వదులై రేకుకి తగిలిందా, బ్యాటరీ శక్తంతా ఆ ఒక్క చోట కక్కుతుంది. అందుకే ఇవాళ ఆ కార్లు ఉంచుకున్నవాళ్ళు చేసే మొదటి పని స్టార్టరు దగ్గర ఒక ఫ్యూజు బిగించడం. తరవాతి కాలపు కార్లలో అమ్మీటరు మానేసి వోల్టుమీటరో, ఒక ఎర్రదీపమో పెట్టారు. వాటికి సన్నటి వైరు చాలు.

ఇంకో ముఖ్యమైన ఏర్పాటు చెప్పాలి. ఇంట్లో ఏ దీపానికైనా కనీసం రెండు వైర్లు ఉంటాయి, ఒకటి వెళ్ళేదారి, ఒకటి వచ్చేదారి. కారులో మాత్రం వైరు ఒకటే. తిరుగుదారి బండి ఒళ్ళే. బ్యాటరీ ఒక కొసని ఇనప బాడీకి కలిపేస్తారు. దాన్నే ఎర్త్ అంటారు. భూమికీ దానికీ ఏ సంబంధమూ లేదు, పేరు అలా స్థిరపడింది. 1960ల దాకా చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కలిపేవారు. తరవాత నెగెటివ్‌కి మారారు. పాత బండికి కొత్త రేడియో పెట్టేముందు ఇది చూసుకోకపోతే రేడియో అక్కడికక్కడే కాలిపోతుంది.

ఈ ఒంటి వైరు పద్ధతిలో రాగి ఆదా అయింది, వైర్ల బరువు తగ్గింది. కానీ బండి ఒంట్లో ఎక్కడ తుప్పు పట్టినా, ఎక్కడ రంగు వేసినా, ఎక్కడ బోల్టు వదులైనా అది వైరు తెగినట్టే లెక్క. లూకాస్ అనే బర్మింగ్‌హామ్ కంపెనీ అప్పటి బ్రిటిష్ కార్లకి విద్యుత్ సామాన్లు చేసేది. ఆ కంపెనీని చీకటి మారాజు అని ఎగతాళి చేయడం కార్లవాళ్ళ లోకంలో అందరికీ తెలిసిన హాస్యం. ఆ నిందలో కొంత భాగం ఈ తుప్పుకి చెందాలి. దీపం మంచిదే, స్విచ్చి మంచిదే, తిరుగుదారి పాడైంది.

ఇప్పుడు పెట్రోలు మీటరు దగ్గరికి వద్దాం. ట్యాంకు వెనక ఉంది, మీటరు ముందు ఉంది. మధ్యలో పది పన్నెండు అడుగుల వైరు. ట్యాంకులో ఒక తేలే బుడ్డి, దానికో చేయి. పెట్రోలు పెరిగితే బుడ్డి లేస్తుంది, చేయి ఒక తీగచుట్ట మీద జరుగుతుంది, కరెంటుకి అడ్డు మారుతుంది. ఆ అడ్డునే రెసిస్టెన్స్ అంటాం. ముందున్న మీటరు నిజానికి పెట్రోలుని చూడటం లేదు. ఆ అడ్డు ఎంతో చూస్తోంది. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి. ముల్లు కొలిచేది ట్యాంకుని కాదు, ట్యాంకు దాకా ఉన్న దారి మొత్తాన్ని.

బ్రిటిష్ కార్లలో ఇలాంటి మీటర్లు రెండు రకాలు వచ్చాయి. సుమారు 1960 దాకా వాడిన పాత రకంలో రెండు తీగచుట్టలు చెరోవైపు నుంచీ ఒక ఇనప ముక్కని లాగుతాయి. ట్యాంకు ఖాళీగా ఉంటే అడ్డు దాదాపు సున్నా, నిండితే ఎక్కువ. తరవాతి రకం వేడితో పనిచేస్తుంది. రెండు లోహాలు అతికించిన పట్టీ వేడెక్కితే వంగుతుంది. మన ఇస్త్రీ పెట్టెలో టిక్కుమని ఆరిపోయేది ఇలాంటి పట్టీ వల్లే. ఈ రకంలో ట్యాంకు నిండితే అడ్డు తక్కువ, కరెంటు ఎక్కువ, పట్టీ ఎక్కువ వంగి ముల్లుని నిండు వైపు తోస్తుంది.

ఇప్పుడు ట్యాంకు వైరు తెగిందనుకోండి. తెగడమంటే అడ్డు అనంతం. పాత రకం మీటరు దాన్ని "ట్యాంకు నిండా ఉంది" అని చదువుతుంది. కొత్త రకం "ట్యాంకు ఖాళీ" అని చదువుతుంది. అదే వైరు తెగకుండా ఒరుసుకుని బాడీకి తగిలిందనుకోండి. పాత రకం ఖాళీ అంటుంది, కొత్త రకం నిండు అంటుంది. తప్పు ఒకటే, అబద్ధాలు రెండు, అవీ ఒకదానికొకటి ఎదురు. తెగకపోయినా, ట్యాంకు ఎర్త్ దగ్గర తుప్పు పట్టి కాస్త అడ్డు పెరిగితే పాత రకం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కొత్త రకం తక్కువ చూపిస్తుంది.

ఇది కాగితం మీద చిన్న తేడా. రోడ్డు మీద ఎంత తేడానో మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

మా పెదనాన్న విజయవాడ ఆటోనగర్లో ఆటో ఎలక్ట్రీషియను. చేతిలో టెస్టు ల్యాంపు, చెవి మీద బీడీ, నోట్లో పాత పాట. నేను పుట్టకముందు సంగతి ఇది. ఒక వానాకాలం రాత్రి నూజివీడులో మా నానమ్మకి గుండెల్లో నొప్పి వచ్చింది. పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే పాత అంబాసిడర్ ఒకటి దొరికింది. 1960ల మొదట్లో బండి. వెనక సీట్లో నానమ్మ, ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని మా అత్తయ్య, ముందు పెదనాన్న. "పెట్రోలుందా అబ్బాయ్?" అని అడిగితే డ్రైవరు మీటరు చూపించాడు. ముల్లు సగం దగ్గర ఉంది. హనుమాన్ జంక్షన్ దాటారు. గన్నవరం ఇంకా రాలేదు. బండి రెండు మూడుసార్లు దగ్గి ఆగిపోయింది. ముల్లు మాత్రం సగం దగ్గరే ఉంది.

పెదనాన్న దిగి, రోడ్డు పక్క కానుగ చెట్టు రెమ్మ విరిచి, ఆకులు దూసి ట్యాంకులో ముంచాడు. పొడిగా వచ్చింది. అంత రాత్రప్పుడు పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది? ఇరవై నిమిషాల తరవాత ఒక పాలవ్యాను వచ్చింది. క్యానుల మధ్య చోటు చేసి నానమ్మని కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. ఆవిడ బతికింది. మరో ఎనిమిదేళ్ళు బతికింది. నేను ఆవిడ చేతి గోరుముద్దలు తిన్నాను కూడా. కానీ ఆ ఇరవై నిమిషాలు మా అత్తయ్య ఇప్పటికీ తలుచుకోదు. ఎవరైనా ఎత్తితే లేచి లోపలికి వెళ్ళిపోతుంది.

మర్నాడు పెదనాన్న ఆ బండిని షెడ్డుకి తెప్పించి ట్యాంకు దింపాడు. వైరు బాగానే ఉంది. మీటరు బాగానే ఉంది. బుడ్డి కూడా బాగానే ఉంది. ట్యాంకుని బాడీకి బిగించే చోట తుప్పు, దాని మీద ఎవరో శ్రద్ధగా వేసిన రంగు. అంతే. గీకి, కొత్తగా ఒక ఎర్త్ వైరు వేసి బిగిస్తే ముల్లు ఖాళీకి పడిపోయింది. "రాత్రి చెప్పాల్సిన మాట పొద్దున చెప్పావా" అని మీటరుని తిట్టాడట. ఆ తరవాత ఆయన ఏ బండి ఎక్కినా ముందు ట్యాంకు మూత తీసి పుల్ల ముంచేవాడు. జనం నవ్వేవారు. ఆయన మానలేదు.

సరే, తిరిగి మీటర్లకి వద్దాం. ఒక్క మీటరే అబద్ధం చెబితే తప్పు దాని దారిలోనే ఉంటుంది. అన్నీ కలిసి అబద్ధం చెబితే తప్పు అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంటుంది. వేడి రకం మీటర్లకి ఉమ్మడి చోటు ఒకటుంది. బ్యాటరీ వోల్టేజి ఎప్పుడూ ఒక్కలా ఉండదు కాబట్టి, మీటర్లకి సగటున పది వోల్టులు అందేలా స్టెబిలైజరు అని అగ్గిపెట్టెకన్నా చిన్న డబ్బా పెట్టేవారు. అందులోనూ ఒక వంగే పట్టీయే. అది కరెంటుని ఇస్తూ ఆపుతూ ఉంటుంది. ముల్లు నెమ్మదైనది కనక ఆ ఊగులాట మనకి కనపడదు. ఆ డబ్బాకి ఎర్త్ పోయిందనుకోండి, పట్టీ వంగడం మానేస్తుంది, మీటర్లకి పన్నెండు వోల్టులూ వెళ్తాయి. అప్పుడు పెట్రోలు ఉన్నదానికంటే ఎక్కువ, ఇంజను వేడి ఉన్నదానికంటే ఎక్కువ, రెండూ ఒకేసారి పైకి లేస్తాయి. తెలియనివాడు రేడియేటరు మారుస్తాడు. తెలిసినవాడు డబ్బా ఎర్త్ గీకుతాడు.

ఉమ్మడి ఎర్త్ పాడైతే ఇంకా విచిత్రాలు జరుగుతాయి. ఇండికేటరు వేస్తే దాంతోపాటు పెట్రోలు ముల్లూ ఊగుతుంది. బ్రేకు నొక్కితే వేరే దీపం మసగ్గా వెలుగుతుంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి దాన్ని బాడీకి కలపడానికి ఒక అల్లిక పట్టీ ఉంటుంది. అది తెగిందంటే స్టార్టరు తిరిగేటప్పుడు వందల ఆంపియర్ల కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. చోకు కేబులో, యాక్సిలరేటరు కేబులో, స్పీడోమీటరు కేబులో ఏదో ఒకటి దొరుకుతుంది. చోకు లాగబోతే చెయ్యి చుర్రుమంటుంది, పొగ వస్తుంది. మెకానిక్కు చోకు కేబులు మారుస్తాడు. వారానికి అదీ కాలుతుంది. జబ్బు చోకుది కాదు. దాని మీదుగా నడుస్తున్న కరెంటుది.

ఇక మనవాళ్ళ సొంత వైద్యం ఒకటుంది. ఆ కాలపు బ్రిటిష్ కార్లు చాలావాటిలో ఫ్యూజులు రెండే. వాటి మీద టేపు రికార్డరు, ఫ్యాను, రంగుదీపాలు, మూడు రాగాల హారను, అన్నీ తగిలించేవాళ్ళం. ఫ్యూజు పోతే కొత్తది కొనకుండా సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టేవాళ్ళం. ఫ్యూజు అంటే తాను తెగిపోయి వైరుని కాపాడేది. దాన్ని తెగనివ్వకపోతే తరవాత తెగేది వైరే, అదీ మంటతో.

మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువెత్తించిన వైరు ఏం చేస్తుందో రాఫెల్స్ ప్లేస్‌కి బాగా తెలుసు. 1972 నవంబరు 21న రాబిన్సన్స్ దుకాణం తగలబడింది. తొమ్మిదిమంది చనిపోయారు. ఓవర్‌లోడైన వైరింగులో షార్ట్ సర్క్యూట్ వల్ల మంట పుట్టిందని విచారణలో తేలింది. ఇవాళ ఆ స్థలంలో వన్ రాఫెల్స్ ప్లేస్ అనే 280 మీటర్ల భవనం ఉంది. దాని నీడలోనే నేను రోజూ కాఫీ తాగుతాను. కారైనా కొట్టైనా సూత్రం ఒకటే. వైరు తన బాధ నోటితో చెప్పదు. వేడితో చెబుతుంది, అదీ గోడ లోపల, పలక వెనక, మనకి కనపడని చోట.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు ప్రశ్న. తీగ తెగితే ముల్లు ఏ వైపు అబద్ధం చెబుతుంది?

పెట్రోలు మీటరు ఎలాగూ అబద్ధం చెప్పక తప్పదంటే "ఖాళీ" అని చెప్పడం మేలు. మనం బంకుకి వెళ్తాం, అనవసరంగా వెళ్ళామని విసుక్కుంటాం, అంతకన్నా నష్టం లేదు. "నిండు" అని చెబితే గన్నవరం ముందు ఆగిపోతాం. ఆ లెక్కన కొత్త రకం మేలు కదా? ఆగండి. అదే రకం మీటరుని ఇంజను వేడికి పెడితే ఏమవుతుందో చూడండి. ఇంజను వేడెక్కితే అడ్డు తగ్గి ముల్లు పైకి పోతుంది. వైరు తెగితే ముల్లు అడుగునే ఉంటుంది. "ఇంజను చల్లగా ఉంది నాయనా" అంటుంది. ఇంజను లోపల ఉడికిపోతున్నా అదే మాట. ఒకే రకం మీటరు, ఒకే రకం తప్పు, పక్కపక్కనే రెండు ముళ్ళు. ఒకదాంట్లో ఆ అబద్ధం మనల్ని కాపాడుతుంది, రెండోదాంట్లో కొంప ముంచుతుంది.

దీనికి మందు కూడా ఆ పాత కార్లలోనే ఉంది. ఇంజను ఆయిలు ఎర్రదీపం చూడండి. ఆయిలు ఒత్తిడి తగ్గితే వెలగాలి. వైరు తెగితే ఎప్పటికీ వెలగదు, అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకని చేసిన ఏర్పాటు ఏమిటంటే, తాళంచెవి తిప్పగానే, ఇంజను ఇంకా తిరగకముందు, ఒత్తిడి లేదు కాబట్టి దీపం వెలగాలి. ఇంజను తిరిగాక ఆరాలి. వెలిగి ఆరితే దీపం బతికుంది, వైరు బతికుంది, స్విచ్చి బతికుంది. మొదట్లోనే వెలగకపోతే తరవాత అది చూపించే చీకటిని నమ్మకూడదు. మీ కొత్త కారులో తాళం తిప్పగానే దీపాలన్నీ దీపావళిలా ఒక్కసారి వెలిగి ఆరేది ఇందుకే. అది అలంకారం కాదు, హాజరు పట్టీ.

మా ఆఫీసుల్లోనూ డాష్‌బోర్డులే. గోడ నిండా తెరలు, ఆకుపచ్చ చుక్కలు. ఒక సంస్థలో నేను చూశాను. రాత్రిపూట జరిగే బ్యాకప్ తాలూకు చుక్క వారాల తరబడి ఆకుపచ్చగానే ఉంది. తప్పు జరిగితే ఎర్రబడేలా రాశారు. అయితే తప్పు జరిగిందని చెప్పాల్సిన ప్రోగ్రామే నడవడం మానేసింది. చెప్పేవాడు లేడు కనక చెడ్డకబురు లేదు, చెడ్డకబురు లేదు కనక ఆకుపచ్చ. అక్కడి కుర్రాళ్ళకి కారు బొమ్మ గీసి పాత పెట్రోలు మీటరు కథ చెప్పాను. ఆ మర్నాటి నుంచి "పదినిమిషాలుగా కబురు లేకపోతే ఎర్రబడు" అని మార్చారు.

ఊళ్ళో ఇంకా పాత అంబాసిడరో, పద్మినీయో ఉంచుకున్న శ్రోతలుంటారు. ఇక్కడ సింగపూర్లో కూడా 35 ఏళ్ళు దాటిన కార్లకి క్లాసిక్ వాహనాల పథకం ఉంది, ముచ్చటపడి ఉంచుకునేవాళ్ళున్నారు. వాళ్ళకి నాలుగు మాటలు. మీటరు మార్చేముందు ఎర్త్‌లు గీకి బిగించండి: బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజను నుంచి బాడీకి, ట్యాంకు నుంచి బాడీకి, మీటర్ల పలక నుంచి బాడీకి. మీ పెట్రోలు మీటరు పాత రకమో కొత్త రకమో తెలిసిన మెకానిక్కుని అడిగి తెలుసుకోండి. వైరు తీసి పరీక్ష చేసేది మీటరు వైపున చేయించండి, ట్యాంకు దగ్గర నిప్పురవ్వ పుట్టనివ్వకండి. పలక వెనక చేయి పెట్టేముందు బ్యాటరీ వైరు ఊడదీయండి. ఫ్యూజు ఎంతదని రాసి ఉంటే అంతదే వేయండి. వెండి కాగితం పూలదండలకి బాగుంటుంది, కారుకి కాదు.

ముందే అన్నాను, చివరికి ఇది మనందరి సంగతని. మన అమ్మానాన్నలు అక్కడ ఉన్నారు, మనం ఇక్కడ ఉన్నాం. మధ్యలో ఉన్న వైరు చాలా పొడుగు. ఆదివారం ఫోను చేసి "ఎలా ఉన్నారు?" అంటాం. "మాకేం, బాగానే ఉన్నాం, నువ్వు తిన్నావా?" అంటారు. ముల్లు నిండు దగ్గర ఉంటుంది. వాళ్ళు మనల్ని మోసం చెయ్యాలని కాదు. మనం కంగారుపడతామని. వాళ్ళ మీటరు ఎప్పుడూ పాత రకమే, వైరు తెగినా నిండుగానే చూపిస్తుంది.

కాబట్టి "బాగున్నారా" అని అడిగి ఊరుకోకండి. పుల్ల ముంచండి. "నాన్నా, ఇవాళ బీపీ ఎంతుంది? మిషను పెట్టి నంబరు చదువు" అనండి. "అమ్మా, మాత్రల అట్టలో ఎన్ని మిగిలాయి? లెక్కపెట్టి చెప్పు" అనండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. మా పెదనాన్నని చూసి కూడా నవ్వేవారని చెప్పాను కదా.

ఈ వారానికి ఇంతే. మీ పాత కార్ల కథలుంటే రేడియోకి రాసి పంపండి, వచ్చేసారి చదువుకుందాం. సెలవు. నమస్కారం.